మన మేడ మీది నెలపొడుపు

బర్మింగ్‌హామ్,
12 ఏప్రిల్ 2025

నాన్నకు,

అస్సలాము అలైకుం. మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? అమ్మ పంపిన సేమ్యాలు పండగ దాటాక చేరాయి.

రంజాన్ పండగనాడు ఫోన్లో "ఒకే ఊళ్లో రెండు రోజులు రెండు పండగలేంటమ్మా?" అని అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

మార్చి 29 శనివారం ఇక్కడ పాక్షిక సూర్యగ్రహణం. పొద్దున 11 గంటలప్పుడు అట్టముక్కకి గుండుసూదితో బెజ్జం పెట్టి, ఎండలో తెల్లకాగితం మీదికి పట్టాను. శనగబద్దంత వెలుగు పడింది, ఓ పక్క కొరికినట్టు. సూర్యుడికి చంద్రుడు అడ్డం వచ్చాడంటే అమావాస్య ఘడియ అదే కదా. ఆ సాయంత్రమే సౌదీలో నెలవంక కనబడిందని, మర్నాడే పండగని ప్రకటించారు! మక్కాలో పొద్దుగూకేసరికి అమావాస్య దాటి 5 గంటలైనా కాలేదు. చంద్రుడు సూర్యుడికి 7 డిగ్రీల లోపు ఉంటే వంకే కనబడదని ఫ్రాన్స్ ఖగోళ శాస్త్రవేత్త దాంజోన్ 1930ల్లోనే చెప్పాడు. తర్వాతివాళ్లు ఆ హద్దుని కాస్త అటూ ఇటూ జరిపారు గానీ, ఆ సాయంత్రం చంద్రుడు ఏ హద్దుకీ అందడు.

సౌదీ మాట పట్టుకుని ఇక్కడ చాలా మసీదులు ఆదివారమే పండగ చేశాయి. నేను మాత్రం ఆ రోజూ ఒక్కపొద్దు ఉన్నాను. పక్కింటావిడ బిర్యానీ తెచ్చిస్తే తీసుకుని, మూతపెట్టి, దాని ముందే చాలాసేపు కూర్చున్నాను నాన్నా. ఆ సాయంత్రం నెల మీకూ కనబడింది, నాకూ కనబడింది. అమావాస్య దాటి అక్కడికి 26 గంటలు, ఇక్కడికి 32కి దగ్గర. మనకి పడవలా వెల్లకిలా ఉంటుందే, ఇక్కడ పక్కకి ఒరిగి ఉంది.

లెక్కలొద్దు, కన్ను చాలంటారు మీరు. నెలను చూసి ఒక్కపొద్దులు పట్టండి, చూసి విడవండి, మబ్బేస్తే 30 నిండించండి అన్న ప్రవక్త మాటని, ఆ హదీసుని నేనూ కాదనను. కానీ ఈ లెక్కలు కంటిలోంచే పుట్టాయి. బ్రిటన్‌లో ఖగోళ శాస్త్రవేత్త బెర్నార్డ్ యాలప్ 1997లో తన సూత్రం కట్టింది 295 పరిశీలనల మీద. తర్వాత జోర్డాన్‌లో మొహమ్మద్ ఔదే 737 పోగుచేశాడు. చంద్రుడు సూర్యుడికంటే ఎంత ఎత్తున ఉన్నాడు, వంక ఎంత మందం అన్నవి చూసి, ఏది కంటికి ఆనుతుందో తేల్చారు. వాటిలో "కనబడలేదు" అని రాసినవీ ఉన్నాయి. అవి లేకపోతే హద్దు ఎక్కడుందో తెలిసేదే కాదు.

చెన్నైలో మన ట్రిప్లికేన్ మేడ మీద నేను సముద్రం వైపు చూస్తుంటే, గడ్డం పట్టి పడమటికి తిప్పేవారు గుర్తుందా? "సముద్రం మీద లేచేది పున్నమి చంద్రుడమ్మా, నెల పొడిచేది ఊరిమీద" అని. కిందికి దిగి క్యాలెండర్ వెనక రాసేవారు: కనబడింది, మబ్బు, లేదు. ఆ క్యాలెండర్లు అమ్మని పాతపేపర్లవాడికి వెయ్యనివ్వకండి.

ఏప్రిల్ 28 సోమవారం సాయంత్రం, మోకాళ్లు సహకరిస్తే, మేడెక్కండి. రంజాన్ తర్వాతి నెల షవ్వాల్‌కి 29వ రోజు అదే. చెన్నైలో పొద్దుగూకేసరికి నెల వయసు 17 గంటలే, కంటికి అందొచ్చు, అందకపోవచ్చు. సూర్యుడు దిగాక చంద్రుడు దిగేదాకా ఉన్న వ్యవధిలో సగానికి కాస్త ముందు చూడటం మేలని యాలప్ లెక్క. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అవగానే పైకి వెళ్తే సరిపోతుంది. తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లండి. కనబడకపోయినా సరే, ఎన్ని గంటలదాకా చూశారో, పడమట మబ్బుందో లేదో రాసి పంపండి.

మీ
పెద్దమ్మాయి