పాలపొడి డబ్బా పారేసి తప్పు చేశాం

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అమ్మాయికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పాప పుట్టిన 18వ రోజున ఒళ్లు కాలిపోయింది, పాలు తాగలేదు, ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రికి పరుగెత్తితే వెన్నులోంచి నీరు తీసి, అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే కల్చర్ పరీక్షకి పంపారు. మెనింజైటిస్, అంటే మెదడు చుట్టూ ఉండే పొరల వాపు అన్నారు, అందులో పెరిగింది క్రోనోబ్యాక్టర్ అనే అరుదైన బ్యాక్టీరియా అట. "డబ్బా పాలు పట్టారా?" అని డాక్టరు గారు అడిగే సమయానికి మా ఆవిడ టెన్షన్‌లో ఇల్లంతా కడిగేసి డబ్బా, సీసాలు అన్నీ చెత్తబండిలో వేసేసింది. తల్లి పాలు తీసే పంపు మాత్రం మిగిలింది, దాన్నీ ఎవరూ పరీక్ష చేయలేదు. డెంగీ వస్తే ఇంటికొచ్చి కూలర్లూ పూలకుండీలూ తొంగిచూస్తారు కదా, దీనికి ఒక్కరూ రాలేదు.

ఈ సూక్ష్మజీవి పొడిలో నెలల తరబడి బతుకుతుంది. పాలపొడి పూర్తిగా క్రిమిరహితం కాదన్న సంగతి మాకు తెలియదు. నీళ్లు మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి, అప్పుడు పొడి కలిపేవాళ్లం. అలా చేస్తే నీళ్లలో క్రిములు చస్తాయిగానీ పొడిలోవి చావవు! కనీసం 70 డిగ్రీల వేడి నీళ్లలో కలిపి, తర్వాత చల్లార్చి పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా మన గుంటూరు ఎండల్లో కలిపిన పాలు గంటలకొద్దీ సీసాలో ఉంచితే ఇంక చెప్పాలా.

అలాగని ప్రతిసారీ డబ్బానే తప్పు పట్టలేం. 2016లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో నెలలు నిండని పాపకి ఇదే వస్తే, జన్యువులు పోల్చి చూసి తల్లి పాలు తీసే పంపులో దొరికిందీ పాపలో దొరికిందీ ఒకటేనని తేల్చారు. ఆ పంపు భాగాల్ని సబ్బునీళ్లలో గంటలసేపు నానబెట్టి, సరిగా రుద్దకుండా తీసేసేవారట. మేమూ దాదాపు అంతే చేశాం. పసిపిల్లల్లో ఈ కేసులను అక్కడ 2024 నుంచి దేశవ్యాప్తంగా నమోదు చేస్తున్నారు.

మన దగ్గర కూడా కల్చర్‌లో ఈ పేరు రాగానే ల్యాబ్ నుంచి ఆరోగ్య శాఖకి కబురు వెళ్లాలి, వాళ్లు ఇంటికొచ్చి డబ్బా, పంపు, సీసా తీసుకెళ్లి పరీక్షించాలి. బిడ్డకి జబ్బు చేస్తే తల్లిదండ్రులు కూడా డబ్బా పారేయకుండా మూత పెట్టి కవర్లో ఉంచండి, బ్యాచ్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి. మా పాప బతికింది, వినికిడి పరీక్షల కోసం ఇంకా తిరుగుతున్నాం. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం మాకు ఇప్పటికీ తెలియదు.

– ఓ తాతయ్య, బ్రాడీపేట, గుంటూరు