ఇల్లు కొలిచి పంపు అన్నయ్యా

ఇర్వింగ్, టెక్సాస్

అన్నయ్యా,

అందరూ కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? అడిగితే "బాగానే ఉందే" అంటుంది తప్ప అసలు సంగతి చెప్పదు. నువ్వే రాయాలి. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటనుకోకు. ఫోన్లో అమ్మ పక్కనే ఉంటుంది, వదిన వంటింట్లోంచి ఏదో అడుగుతుంది, నువ్వు "సరే సరే" అని పెట్టేస్తావు. నేను చెప్పాలనుకున్నది అలా హడావుడిగా చెప్పేది కాదు.

ఉద్యోగం గురించి టెన్షన్ పడకండి. మా ఆఫీసులో కొందరిని తీసేసిన మాట నిజమే, మా టీం జోలికి మాత్రం రాలేదు. ఆయన చికాగో ప్రాజెక్టు ఇంకా నడుస్తోంది. సోమవారం వెళ్ళి గురువారం రాత్రికి వస్తున్నారు. పాప స్కూల్లో క్లారినెట్ నేర్చుకుంటోంది.

అమ్మ నీతో ఏం చెప్పిందో నాకు తెలుసు. "అది అర్ధరాత్రి దాకా కంప్యూటర్ ముందే కూర్చుంటోంది, కళ్ళు లోపలికి పోయాయి, నువ్వు గట్టిగా అడుగు" అని ఉంటుంది. కూర్చుంటున్న మాట నిజమే. కానీ అది ఆఫీసు పని కాదు, ఒంట్లో బాగోక నిద్ర పట్టకా కాదు. నేను డూమ్ ఆడుతున్నాను అన్నయ్యా. మన డూమే. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లో ఆదివారం సార్ తాళాలు నీ చేతికిచ్చి భోజనానికి వెళ్తే మనం ఆడిన ఆట. బాణం మీటలు నీవి, కంట్రోలూ స్పేస్‌బారూ నావి. నువ్వు నడిపిస్తే నేను కాల్చేదాన్ని, తలుపులు తీసేదాన్ని. సార్ దగ్గర ఉన్నది మొదటి భాగం ఒక్కటే కదా. ఆఖర్లో ఆ రెండు కొమ్ముల రాక్షసులనీ చంపి లోపలికి వెళ్తే చీకటి గదిలో మన ప్రాణం పోయేది, ఆట అయిపోయేది. తర్వాత ఏమవుతుందో అని ఇంటికొచ్చేదాకా ఊహించుకునేవాళ్ళం.

ఇప్పుడు తెలిసింది. ఆ మొదటి భాగాన్ని ఆట చేసినవాళ్ళే ఉచితంగా వదిలారట, ఎవరైనా కాపీ చేసుకుని పక్కవాళ్ళకి ఇవ్వొచ్చని. మిగతా రెండు భాగాలూ కావాలంటే అప్పట్లో డబ్బు పంపి తెప్పించుకోవాల్సి వచ్చేది. అందుకే మన పాలకొల్లు దాకా ఆ ఒక్క ముక్కే వచ్చింది. ఇంకో సంగతి చెబితే నువ్వు నమ్మవు. ఆ ఆట పుట్టింది మా డల్లాస్ పక్కనే, మెస్కీట్ అనే ఊళ్ళో. 1993 డిసెంబర్ 10న విడుదలైంది. అప్పట్లో వాళ్ళ ఆఫీసున్న నల్లటి అద్దాల బిల్డింగ్ ముందు నుంచి ఎన్నోసార్లు కారులో వెళ్ళాను, ఏమీ తెలియకుండానే.

ఇదంతా మా టీంలో ఒకాయన చెప్పాడు. పాత ఆటల మాట వచ్చి, చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ డూమ్ ఆడేవాళ్ళం అన్నాను. "మరి కొత్త లెవెల్స్ చూశారా?" అన్నాడు. లెవెల్ అంటే ఆటలో మనం దాటుకుంటూ పోయే ఒక్కో చోటు, దాని గదులూ దారులూ. ముప్పై ఏళ్ళ నాటి ఆటకి కొత్త లెవెల్స్ ఏమిటి అనుకున్నాను. ఆ రాత్రి చూస్తే వేలకి వేలు ఉన్నాయి. అన్నీ ఆడేవాళ్ళు చేసినవే. డబ్బు కోసం కాదు, ఎవరూ చేయమనలేదు కూడా. ఈ ఏడాది చేసినవీ ఉన్నాయి.

కుదిరింది ఎలాగంటే, దాన్ని రాసిన జాన్ కార్మాక్ ఆట నడిపే ప్రోగ్రామునీ, లెవెల్స్, బొమ్మలు, శబ్దాలు ఉండే ఫైలునీ కావాలనే వేరువేరుగా పెట్టాడు. వాళ్ళ ముందటి ఆటని జనం తంటాలు పడి మార్చుకోవడం చూశాడు. ఈసారి అడ్డు లేకుండా చేశాడు. 1994లోనే అభిమానులు లెవెల్స్ గీసే ఎడిటర్ తయారు చేసుకున్నారు. 1997 డిసెంబర్లో ప్రోగ్రామ్ కోడ్ కూడా బయట పెట్టేశారు. అందుకే ఏ కొత్త కంప్యూటర్ వచ్చినా దాని మీద నడిచేలా ఎవరో ఒకరు మారుస్తూనే ఉన్నారు. చేతిలో ఉన్నది అలా నలుగురికీ వదిలేసేవాళ్ళంటే నాకు గౌరవం. అందుకే అది ఇంకా బతికి ఉంది.

అందులో ప్లుటోనియా అని 32 లెవెల్స్ ఉన్నాయి. 1996లో ఫైనల్ డూమ్ అని అమ్మిన దాంట్లో సగం అదే. చేసింది డారియో కాసాలి, మైలో కాసాలి అనే ఇద్దరు అన్నదమ్ములు. వీళ్ళూ మనలాగా ఆడుకుంటూ లెవెల్స్ గీసినవాళ్ళే, కంపెనీయే పిలిచి చేయించుకుంది. చాలా కష్టంగా ఉంటుంది. ప్రతి మూలా ఆ మెషిన్‌గన్ పట్టుకున్న వాడు కాచుకుని ఉంటాడు. చచ్చినప్పుడల్లా నువ్వు పక్కన ఉంటే ఎటు తిప్పేవాడివో అనిపిస్తుంది. ఇప్పుడు బాణం మీటలు కూడా నేనే నొక్కుకోవాలి.

నాకు బాగా నచ్చింది 2014లో వచ్చిన గోయింగ్ డౌన్. సిరియాక్ హారిస్ అని ఇంగ్లండులో యానిమేషన్ చేసే ఆయన ఒక్కడే చేశాడు. ఒక పెద్ద ఆఫీసు బిల్డింగ్. పై నుంచి మొదలుపెట్టి లిఫ్టులో కిందికి దిగుతూ పోవాలి. ఒక్కో అంతస్తు ఒక్కో లెవెల్. లిఫ్టులో మొదలు, అన్నీ శుభ్రం చేసి మళ్ళీ లిఫ్టులోకే. ఆఫీసులో జనాన్ని తీసేస్తున్న వారాల్లో ఇదే ఆడాను. రోజుకో అంతస్తు దిగేసి పడుకుంటే నిద్ర బాగా పట్టేది. అమ్మకి ఈ మాట చెప్పు, ఇది నన్ను పాడు చేయట్లేదని. ఇంటికొచ్చాక పాప పడుకుని, ఆయన ఊళ్ళో లేక, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నాకూ ఏదో ఒకటి ఉండాలి కదా.

పెద్ద మావయ్య షష్టిపూర్తికి పంపిన డబ్బు అందిందా? అత్తయ్యకి చీర వదినే చూసి కొనాలి, నా ఊహకి వదిలేయొద్దు. చిన్నాగాడి ఎంసెట్ కోచింగ్ ఫీజు సంగతి మళ్ళీ ఎత్తకు, అది నేను కడతానని అప్పుడే అయిపోయింది.

ఇక అసలు విషయం. ఇలా లెవెల్స్ చేసేవాళ్ళలో చాలామంది మొదట చేసేది సొంత ఇల్లేనట. చేతికి దొరికిన కొలతలు అవే కదా. ఇది మొదటి నుంచీ ఉన్న అలవాటు. 2023లో అలాగే మైహౌస్ అని ఒకటి వచ్చింది. చూడ్డానికి మామూలు ఇల్లే, కానీ మళ్ళీ మళ్ళీ తిరిగేకొద్దీ గదులు మారిపోతుంటాయి. అది చూసి నాకు భయం వేసింది, ఆ తర్వాత మన ఇల్లు గుర్తొచ్చింది. ఇల్లు బిల్డర్‌కి ఇచ్చి ఫ్లాట్లు కట్టించే మాట నువ్వు చెప్పింది కూడా ఆ వారమే.

నేను మన ఇల్లు గీస్తున్నాను అన్నయ్యా. మొదలుపెట్టేశాను.

ఎడిటర్ ఉచితంగానే దొరుకుతుంది. పూర్తి గేమ్ మాత్రం కొన్నాను, అదీ తక్కువే. పద్ధతి తేలిక. డాబా వేసేటప్పుడు నాన్న పెరట్లో ముగ్గుతో ప్లాన్ గీసి మేస్త్రీకి చూపించలేదూ, అచ్చం అలాగే పైనుంచి చూస్తున్నట్టు గీతలు గీయాలి. గీతల మధ్య ఉన్న ప్రతి జాగాకీ నేల ఎంత ఎత్తు, పైకప్పు ఎంత ఎత్తు, వెలుతురు ఎంత అని మూడు అంకెలు ఇవ్వాలి. వెలుతురు 0 నుంచి 255 దాకా. మండువాకి 224 ఇచ్చాను, పైకప్పు బదులు ఆకాశం పెట్టాను. మధ్య గదికి 112. పగలు కూడా అక్కడ లైటు వేసుకునేవాళ్ళం కదా. వంటింటికి ఎంత ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నాను. పొద్దున పూట తూర్పు కిటికీలోంచి ఎండ పడేది, సాయంత్రానికి మసక. ఏ పూట వంటిల్లు కావాలి మనకి?

ఆటలో మనిషి ఎత్తు 56 యూనిట్లు. అందుకని అడుగుకి 10 యూనిట్ల లెక్కన పెట్టుకున్నాను. ఎత్తులకి బాగానే సరిపోయింది. వెడల్పు దగ్గరే చిక్కొచ్చింది. మనిషి వెడల్పు 32. అంటే మూడడుగుల పైన. నాకు గుర్తున్నంతలో దేవుడి గది ద్వారం రెండున్నర అడుగులు, అందులో పట్టడు. ద్వారం వెడల్పు చేస్తే అది మన దేవుడి గది కాకుండా పోతుంది. అలాగే ఉంచితే బయట నిలబడి దణ్ణం పెట్టుకోవాలి. ప్రస్తుతానికి అలాగే ఉంచాను.

గడపలు దాటొచ్చు, 24 యూనిట్ల ఎత్తు దాకా అడుగు వేయగలడు. నూతి గోడ 30 పెట్టాను, ఎవరూ పడిపోకుండా. పెంకుల కప్పు ఏటవాలుగా రాదు. ఈ ఆటలో నేలా కప్పూ బల్లపరుపుగానే ఉండాలి. అందుకని సన్నటి పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ కొంచెం కొంచెం ఎత్తు తగ్గిస్తూ మండువా వైపు దింపాను. దగ్గరికెళ్తే మెట్లలా ఉంది కానీ వీధి గుమ్మం దగ్గర నుంచి చూస్తే మన కప్పే. తలుపులు రెక్కలుగా తెరుచుకోవు, పైకి లేస్తాయి. అది నాకు బొత్తిగా నచ్చలేదు. అందుకే తలుపులన్నీ బార్లా తీసి ఉంచాను. మన ఇంట్లో పగలు తలుపులు వేసిందెప్పుడు? మొదలయ్యే చోటు వీధి అరుగు. రాక్షసుల్ని పెట్టలేదు. ఇంట్లో తుపాకీ మోత ఉండకూడదు.

ఇప్పుడు నీ గది సంగతి. దీనికే నాకు నిద్ర పట్టట్లేదు, అమ్మ అనుకుంటున్నదానికి కాదు. ఈ ఆటలో గది మీద గది కుదరదు. ఒక చోట నేల ఒక్కటే, కప్పు ఒక్కటే. నీ డాబా గది వంటింటి మీద ఉంది కదా. వంటిల్లు ఉంచితే నీ గది ఉండదు, నీ గది ఉంచితే వంటిల్లు ఉండదు. నీ గదిని దూరంగా ఎక్కడో గీసి, మెట్ల చివర అడుగు పెట్టగానే అక్కడికి చేర్చేలా చేసి చూశాను. పచ్చటి మెరుపొకటి వస్తుంది, పెద్ద చప్పుడు. నీ గదిలోకి అలా వెళ్ళబుద్ధి కాలేదు. కొత్త ప్రోగ్రాములతో అయితే గది మీద గది కట్టొచ్చు, మైహౌస్ చేసింది అలాగే. కానీ నాకు మనం ఆడిన ఆ పాత డూమ్‌లోనే మన ఇల్లు కావాలి. అచ్చం ఆ రోజుల్లో ఉన్నట్టు నడిపే చాక్లెట్ డూమ్ అని ఒకటి ఉంది, నీ పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. నీకు పంపిస్తే నువ్వు బాణం మీటలతో అరుగెక్కి లోపలికి రావాలి. అందుకని నువ్వే చెప్పు. వంటింటి వెనక నుయ్యికీ జామచెట్టుకీ మధ్య ఖాళీ ఉంది. నీ గది అక్కడ గట్టు మీద కట్టి, మెట్లు అటు తిప్పనా? పరీక్షల రోజుల్లో నువ్వు ఆ కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ చదివేవాడివి. కాలవ అక్కడి నుంచి కూడా కనబడుతుంది, గీసి చూశాను.

బిల్డర్‌కి ఇవ్వొద్దని నేను అనడం లేదు. అలా అనుకుంటావేమోనని భయంగా ఉంది. పెంకు నేయించడానికి మనుషులు దొరకడం లేదని, పడమటి దూలానికి చెద పట్టిందని, వానొస్తే వదిన గిన్నెలు పెట్టుకుంటూ తిరుగుతుందని నాకు తెలుసు. అమ్మకి బాత్రూమ్ ఇంట్లోనే ఉండాలి. అక్కడ ఉండి అన్నీ చూసుకుంటున్నది మీ ఇద్దరూ. ఫ్లాట్లలో నా వాటా గురించి నువ్వు అడిగావు. అది అమ్మ పేరు మీదే ఉంచు, తర్వాత చూద్దాం. రత్నం పిన్ని వాళ్ళింట్లో అయినట్టు మన మధ్య మాట రాకూడదు.

కొలతలు మాత్రం కావాలి. ఆదివారం చిన్నాగాడికి టేపు ఒక చివర ఇచ్చి కొలిపించు. మండువా నాలుగు వైపులా, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎంత, అరుగు నేల నుంచి ఎంత ఎత్తు, ప్రతి ద్వారం వెడల్పు. దేవుడి గదిది రెండుసార్లు చూడు. వంటింటి కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కూడా. నూతి చుట్టుకొలత. డాబా మెట్లు ఎన్నో లెక్కపెట్టించు, ఒక్కో మెట్టు ఎత్తు కూడా రాయి. గోడల ఫొటోలు తీయి, ముఖ్యంగా వసారాలో పచ్చ సున్నం మీద నాన్న మన ఎత్తులు గీసిన చోటు దగ్గరగా. ఆ ఫొటోనే గోడకి అతికించొచ్చు.

అమ్మని ఎముకల డాక్టర్ దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళు. ఈసారి రిపోర్టు నాకు పంపు, ఆవిడ చెప్పేది నమ్మి ఊరుకోకు.

డిసెంబర్ సెలవులకి టికెట్లు చూస్తున్నాను, పాపా నేనూ వస్తాం, ఆయనకి సెలవు దొరికితే ఆయన కూడా. బిల్డర్ తొందరపెడితే జనవరిలో సంతకాలు అని చెప్పు. వదినకీ చిన్నాకీ నా ప్రేమ, అమ్మకి నమస్కారాలు.

నీ చెల్లి