'పడిందట'లో 'ట' ఎక్కడ పోయింది?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల బల్లి గొడవ తెలియనివాళ్ళు లేరు. పర్లాకిమిడిలో పుట్టి సాయంత్రానికి పాతపట్నం దాకా పాకింది. ఇప్పుడు కాస్త చల్లబడింది గనక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి మెసేజ్ మన తెలుగు గ్రూపులో వచ్చింది: "బడి పప్పులో బల్లి పడిందట, పిల్లల్ని అడగండి." పెట్టిన తల్లిని నేను తప్పుపట్టను. విన్న మాటే కాబట్టి చివర 'ట' పెట్టింది. గంట తిరిగేసరికి ఒడియా గ్రూపులో అది 'పడింది' అయిపోయింది. ఆ 'ట' దారిలోనే రాలిపోయింది. ఇంకాసేపటికి ఫోటో కూడా తోడైంది. దాన్ని పెద్దది చేసి చూశాను. గళ్ళ పళ్ళెం, కింద తెల్ల టైల్స్. మన పిల్లలు తినేది గుండ్రటి స్టీలు పళ్ళేల్లో, కూర్చునేది సిమెంటు వరండాలో. ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్పేవాడు.

"నలుగురు చెప్పారు మాస్టారూ" అన్నారొకాయన. ఆ నలుగురికీ ఫోన్ చేశాను. ఇద్దరు మూడో ఆవిడ పేరు చెప్పారు, ఆవిడ నాలుగో ఆయన పేరు చెప్పింది. ఆయనేమో, మొదట నాకు చెప్పినాయన దగ్గరే విన్నానన్నారు! చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మెసేజ్ మీద రెండు బాణాలున్నాయి కదా, నిజమే అయ్యుంటుందని ఇంకొకరి వాదన. వాట్సాప్‌లో ఆ గుర్తుంటే ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారిందని అర్థం, అంతే.

ఇక నా సంగతి. ఫోటో చూడగానే "అంతా అబద్ధం, ఎవరూ నమ్మకండి" అని గ్రూపులో పెట్టేశాను. ఫోటో మనది కాదని తెలుసు గానీ, వంటగదిలోకి తొంగి చూడకుండానే ఆ మాట అన్నాను. మర్నాడు వెళ్ళి చూస్తే పప్పు గిన్నె మూత సొట్టపడి, ఓ పక్క రెండు వేళ్ళు దూరేంత సందు. బల్లి పడినట్టు ఎవరూ చూడలేదు, పడటానికి దారి మాత్రం ఉంది. మూడో తరగతి పాప ఒకతి ఆ సందు చూసి ఇంట్లో చెప్పిందట. మాట పుట్టింది అక్కడే కావచ్చు.

2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో పురుగుమందు కలిసింది. రుచి తేడాగా ఉందని పిల్లలు ముందే అన్నారని అప్పటి వార్తల్లో చదివాను. అది చదివినవాణ్ణే, రుజువు లేదు కాబట్టి అబద్ధమేనని తేల్చేశాను.

వంట అక్కలిద్దరూ రెండు రోజులు పనిలోకి రాలేదు. ఒకామె సవర గిరిజనుల పల్లె నుంచి వస్తుంది, చదువు రాదు. ఆ మెసేజ్‌లు కొడుకు చదివి వినిపించాడట. "నా పిల్లలూ ఆ పప్పే తింటున్నారు కదా సార్" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర భాష గురించి వాళ్ళూ వీళ్ళూ చెప్పింది రాసుకోలేదు. సవర మనిషినే ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. మన వంటగది గేటుకి ఇరవై అడుగుల దూరం. ఏ రోజైనా వచ్చి చూడండి, ఆ రోజు పప్పు మీరే రుచి చూడండి.

ఒక్క విషయం వేరు. పిల్లల ఒంటి మీద ఎవరో చెయ్యి వేశారన్న మాట మీ చెవిన పడితే రుజువుల కోసం ఆగకండి, గ్రూపులోనూ పెట్టకండి. నా దగ్గరికి రండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. నా మీదే అనుమానమైతే నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. అలాంటి కేసుల్లో పిల్లల పేరు, ఫోటో బయటపెట్టడం చట్టప్రకారం నేరం.

గిన్నెకి కొత్త మూత కొన్నాం. 340 రూపాయలైంది. బిల్లు నోటీసు బోర్డుకి అంటించాను.

మీ ప్రధానోపాధ్యాయుడు