కొనని ఇల్లు అమ్మడం నేర్పిస్తాం అనే ప్రకటనల గురించి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మీ పేపర్ నేను ఇక్కడ టెక్సస్‌లో ఈ-పేపర్లో చదువుతుంటా. ఈ మధ్య లోపలి పేజీల్లో ఒక రకం ప్రకటనలు ఎక్కువయ్యాయి, పెట్టుబడి అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు, హైదరాబాద్‌లో కూర్చునే అమెరికా ఇళ్ళ వ్యాపారం చేసుకోండి, మా మెంటర్ పక్కనుండి నేర్పిస్తాడు అని. ఆ వ్యాపారాన్ని రియల్ ఎస్టేట్ హోల్‌సేలింగ్ అంటారు. నేను చేసేది అదే పని, డాలస్ చుట్టుపక్కల చేస్తా, శని ఆదివారాల్లో కొత్తగా దిగే మనవాళ్ళకి కూర్చోబెట్టి నేర్పిస్తా కూడా. ప్రకటనలు ఆపేయమని రాయట్లేదు, వాళ్ళు చెప్పకుండా దాటేసే సంగతి ఒకటుంది, అది మీ పాఠకులకి చెబుదామని.

పని ఏంటో ముందు చెప్తా. మన దగ్గర సేల్ అగ్రిమెంట్లో "మీకు గానీ మీరు కోరిన వారికి గానీ రిజిస్టరు చేయించి ఇవ్వగలను" అని ఒక లైన్ ఉంటుంది చూడండి, బయానా ఇచ్చి మూణ్ణెల్లు గడువు రాయించుకుని ఆ గడువులోపే ఇంకొకళ్ళకి తిప్పేసి మధ్యలో మిగిలింది జేబులో వేసుకునేవాళ్ళు గుంటూర్లోనూ ఉన్నారు, హైదరాబాద్ శివార్లలోనూ ఉన్నారు. ఇక్కడ చేసేది దాదాపు అదే. ఓనర్‌తో కాంట్రాక్ట్ రాసుకుని, అమ్మకం కాగితాలూ డబ్బూ మధ్యలో చూసుకునే టైటిల్ కంపెనీలో కొంచెం ఎర్నెస్ట్ మనీ, అంటే బయానా, కట్టి, ఆ కాంట్రాక్ట్ మీద మనకున్న హక్కుని ఒక క్యాష్ బయ్యర్‌కి అసైన్ చేస్తాం, అంటే రాసిచ్చేస్తాం, క్లోజింగ్ రోజు, అంటే అమ్మకం పూర్తయ్యే రోజు, మన ఫీజు మనకొస్తుంది. ఇల్లు ఒక్కరోజు కూడా మన పేరు మీద ఉండదు.

లెక్క కూడా పెద్ద కష్టం కాదు. రిపేర్లన్నీ అయ్యాక ఇల్లు 2,40,000 డాలర్లు పలుకుతుంది అనుకోండి, దాంట్లో 70 శాతం (మిగతాది బయ్యర్ ఖర్చులకీ లాభానికీ) 1,68,000, రిపేర్లు ఒక 55,000 తీసేస్తే 1,13,000, ఫ్లిప్ చేసే, అంటే బాగుచేయించి తిరిగి అమ్మే బయ్యర్ అంతకంటే పైసా ఎక్కువ పెట్టడు, మన ఫీజు 10,000 వేసుకుంటే ఓనర్‌కి ఇవ్వగలిగేది 1,03,000. కోర్సుల వాళ్ళు ఈ లెక్క మొదటి గంటలోనే బోర్డు మీద వేసేసి చప్పట్లు కొట్టిస్తారు. ఆ 2,40,000 ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం చెప్పరు. టెక్సస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పాలన్న రూల్ లేదు, అందుకని వెబ్‌సైట్లలో కనపడే రేటు ఒక అంచనా మాత్రమే, అసలు అమ్ముడైన ధరలు ఏజెంట్లు వాడే ఎం.ఎల్.ఎస్. అనే డేటాబేస్‌లో ఉంటాయి. హైదరాబాద్‌లో కూర్చుని వెబ్‌సైట్ చూసి రేటు కట్టేవాడు ఇక్కడే బోల్తా పడతాడు. రిపేర్ల లెక్కా అంతే. డాలస్ కింద ఉన్నది మన పల్నాడు నల్లరేగడి లాంటి నేలే, వానకి ఉబ్బుతుంది ఎండకి నెర్రెలిస్తుంది, ఇంటి ఫౌండేషన్ ఒక మూల కుంగితే బెడ్‌రూం తలుపు సగంలో పట్టేస్తుంది, కిటికీ మూల నుంచి గోడ మీద మెట్లు మెట్లుగా పగులు పోతుంది. ఫోటోల్లో ఇవేవీ కనపడవు, అమ్మేవాళ్ళు పంపే ఫోటోల్లో అయితే అస్సలు కనపడవు.

ఇక అసలు విషయం. ఇంత తక్కువకి ఇల్లు ఎవరు అమ్ముతారండీ? బాగా ఉన్నవాళ్ళు అమ్మరు. తండ్రి వీలునామా రాయకుండా పోతే డీడ్ ఇంకా ఆయన పేరు మీదే ఉన్నవాళ్ళు, ప్రాపర్టీ టాక్స్ బకాయి పడ్డవాళ్ళు, బ్యాంకు వేలం నోటీసు వచ్చినవాళ్ళు. ఓక్ క్లిఫ్ అని డాలస్‌లో పాత ఏరియా, అక్కడ ఒక ఇంటికి నా దగ్గర నేర్చుకునే కుర్రాణ్ణి తీసుకుని వెళ్ళా. పెద్దావిడ, తండ్రి కట్టిన ఇల్లు, అన్నదమ్ములు చెట్టుకొకళ్ళు పుట్టకొకళ్ళు. వంటింట్లో సింక్ కింద బకెట్ పెట్టి ఉంది, పైపు కారుతోంది, ఆవిడ మాతో మాట్లాడుతూనే బకెట్ తీసి పారబోసి వచ్చి కూర్చుంది. కూర్చుని మావాణ్ణి అడిగింది, ఇల్లు నువ్వే కొంటున్నావా బాబూ అని. వాడు అంతకుముందే ఏదో కోర్సుకి గట్టిగా డబ్బు కట్టి ఉన్నాడు, దాంట్లో ఈ ప్రశ్నకి స్క్రిప్ట్ ఇచ్చారు, అవునండీ నేనూ నా పార్ట్‌నర్లూ కొంటున్నాం అనమని. వాడు నోరు తెరిచేలోపే నేను చెప్పా, లేదండీ మేం కొనం, కొనేవాణ్ణి తెస్తాం, మధ్యలో మాకు ఫీజు ఉంటుంది, ఎంతో క్లోజింగ్ పేపర్లో కనపడుతుంది, ఎవరూ దొరక్కపోతే ఫలానా తారీఖుకల్లా మీకు చెప్పేస్తాం అని. కార్లోకి వచ్చాక మావాడు, "అన్నా, డీల్ పోయిందిగా" అన్నాడు. పోలేదు. ఆవిడ అన్నదమ్ముల నంబర్లు కూడా ఆవిడే ఇచ్చింది, వారసులందరి సంతకాలకి అవే పనికొచ్చాయి.

ఆ స్క్రిప్ట్ వల్ల ఏం నష్టం అంటే చెప్తా, ఇది వట్టి నీతి మాట కాదు. టెక్సస్‌లో బ్యాంకు వేలం ప్రతి నెలా మొదటి మంగళవారం జరుగుతుంది, కనీసం 21 రోజుల ముందు నోటీసు ఇస్తారు. అంటే ఓనర్ చేతిలో ఉన్నది ఆ మూడు వారాలే. అప్పుడే ఒక కుర్రాడు వచ్చి నేనే కొంటా అని కాంట్రాక్ట్ రాయించుకుంటాడు, దాంట్లో ఆప్షన్ పీరియడ్ అని పది రోజులు పెట్టుకుంటాడు, ఆ పది రోజుల్లో ఏ కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, వాడికి పోయేది వందో రెండొందలో ఆప్షన్ ఫీజు. బయ్యర్ దొరక్కపోతే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. అమ్ముడైపోయిందిలే అనుకుని ఆ ఓనర్ ఇంకొకళ్ళని అడగదు, బ్యాంకుతో మాట్లాడదు, మంగళవారం వచ్చేస్తుంది. ఇంకొందరైతే ఆ కాంట్రాక్ట్ తాలూకు కాగితం ఒకటి కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో రికార్డ్ చేయించి కూర్చుంటారు, అది తీయిస్తే గానీ ఇల్లు వేరేవాళ్ళకి అమ్మలేరు.

ఇలాంటి వాటివల్లే రాష్ట్రాలు ఒక్కొక్కటిగా బిగిస్తున్నాయి. టెక్సస్‌లో 2017 నుంచే, నేను అమ్మేది ఇల్లు కాదు కాంట్రాక్ట్ మీద నాకున్న హక్కు మాత్రమే అని బయ్యర్‌కి చెప్పి తీరాలి, లేకపోతే లైసెన్స్ లేకుండా బ్రోకర్ పని చేసినట్టు లెక్క. ఇల్లినాయ్‌లో 2019లో మార్చిన చట్టం ప్రకారం ఏడాదిలో ఒకటికి మించి ఇలా చేస్తే లైసెన్స్ కావాలి, ఓక్లహోమాలో 2021లో చట్టం తెచ్చారు, సౌత్ కరొలైనాలో 2024లో ఈ పనికి దాదాపు తలుపులు మూసేశారు, ఫిలడెల్ఫియాలో అయితే సిటీయే విడిగా హోల్‌సేలర్ లైసెన్స్ పెట్టింది. మరి "లైసెన్స్ అక్కర్లేదు" అని ప్రకటనలో వేసినవాడు ఏ రాష్ట్రం గురించి చెప్తున్నాడో!

వీసా సంగతి అయితే ఎవరూ ఎత్తరు. హెచ్-1బీ మీద ఉన్నవాడు ఇల్లు కొని అద్దెకి ఇచ్చుకోవడం వేరు, రోజూ ఓనర్లకి ఫోన్లు చేసి కాంట్రాక్టులు తిప్పి ఫీజు తీసుకోవడం వేరు, అది పని కిందకి వస్తుంది, స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెక్కడా పనిచేసే వీలు వాడికి లేదు. గ్రీన్ కార్డ్ లైన్లో ఏళ్ళ తరబడి నిలబడ్డవాడు ఒక పదివేల డాలర్ల ఫీజు కోసం దాన్ని ప్రమాదంలో పెట్టుకుంటాడా? నా దగ్గరకి వచ్చినవాళ్ళని మొదట అడిగేది స్టేటస్ ఏంటి అనే, అదొక్కటి అడగ్గానే కొంతమంది మళ్ళీ రారు, మంచిదే. భార్యకి హెచ్-4 ఈఏడీ, అంటే పనిచేసుకునే అనుమతి కార్డు, ఉంటే ఆవిడ చేసుకోవచ్చు, కానీ ఆవిడే చేయాలి, ఆవిడ పేరు పెట్టి ఈయన చేయడం కాదు. వచ్చిన ఫీజు కూడా అద్దె ఆదాయం లాంటిది కాదు, మామూలు ఇన్‌కమ్ టాక్స్‌తో పాటు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం ఉంటుంది, కోర్సు లెక్కల్లో అది కూడా రాయరు లెండి.

హైదరాబాద్, విజయవాడల్లో రాత్రిళ్ళు కూర్చుని ఈ ఫోన్లు చేసే పిల్లల గురించి కూడా ఒక మాట. నంబర్ల లిస్ట్ ఇచ్చి ఫోన్లు కొట్టమంటారు. డూ-నాట్-కాల్ లిస్టులో, అంటే ఫోన్లు చేయొద్దని రాయించుకున్నవాళ్ళ లిస్టులో, ఉన్న నంబర్లకి, ఆటోమేటిక్ డయలర్లతో ఇష్టమొచ్చినట్టు చేస్తే ఇక్కడి చట్టంలో ఒక్కో కాల్‌కి 500 డాలర్లు, తెలిసి చేశారని తేలితే 1,500 దాకా పడొచ్చు. ఫోన్ కొట్టిన పిల్లలకి ఇవేవీ చెప్పరు, కేసు పడితే మాత్రం ఎవరి పేరు మీద కంపెనీ ఉందో వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది, అది చాలాసార్లు ఆ కోర్సుకి డబ్బు కట్టిన మనవాడే.

మెంటర్లందరూ దొంగలని నేను అనట్లేదు, అంటే నన్ను నేను కూడా అనుకోవాలి. కానీ డీల్స్ మీద కంటే కోర్సుల మీద ఎక్కువ సంపాదించేవాడు మెంటర్ కాదండీ, వాడికి మీరే డీల్. అమెరికాలో ఇది కొత్త కాదు, జూరిక్స్ అనే కంపెనీ ఇళ్ళ ఫ్లిప్పింగ్ సెమినార్లు పెట్టి జనాల దగ్గర లాగుతోందని 2019లో వినియోగదారుల తరఫున చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, యూటా రాష్ట్రం కలిసి కోర్టుకి వెళ్ళాయి. మొదట ఫ్రీ మీటింగ్, తర్వాత మూడు రోజుల వర్క్‌షాప్, ఆ తర్వాత వేల డాలర్ల కోచింగ్. మీ పేపర్లో ప్రకటనలు కూడా ఫ్రీ వెబినార్‌తోనే మొదలవుతున్నాయి, గమనించండి.

నా పద్ధతి వేరే, ఇదే కరెక్ట్ అని కాదు. ముందు ఫీజు తీసుకోను, మొదటి డీల్ కలిసి చేస్తాం, ఫీజు పంచుకుంటాం, డీల్ కాకపోతే ఇద్దరికీ సున్నా. వచ్చినవాళ్ళని మొదట ఫోన్ల దగ్గర కాదు, రిపేర్ జరిగే ఇళ్ళ దగ్గర తిప్పుతా, రూఫ్ ఎంత, ఏసీ ఎంత, ఫౌండేషన్ ఎంత అని కాంట్రాక్టర్ నోటితో వినాలి. క్లోజ్ అయిన డీల్ స్టేట్‌మెంట్లు చూపిస్తా, పోయిన డీల్స్ కాగితాలు కూడా చూపిస్తా, అవే ఎక్కువ. ఇంకోటి, రిపేర్లు పెద్దగా లేక ఓనర్‌కి టైం ఉంటే, మాకు ఇవ్వకండమ్మా ఏజెంట్ దగ్గర లిస్ట్ పెట్టుకోండి ఎక్కువ వస్తుంది అని చెప్పి లేచి వచ్చేయాలి. ఈ మాట చెప్పలేనివాణ్ణి నేను రెండో ఇంటికి తీసుకెళ్ళను.

మీకు ఒకటే రిక్వెస్ట్. ఇలాంటి ప్రకటన తీసుకునేటప్పుడు మీ ప్రకటనల విభాగం వాళ్ళని రెండు కాగితాలు అడగమనండి, ఏ రాష్ట్రంలో చేయడానికి నేర్పిస్తున్నారో రాతపూర్వకంగా, ఆ మెంటర్ ఈ ఏడాదిలో క్లోజ్ చేసిన ఒక డీల్ తాలూకు సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్, పేర్లు కొట్టేసి ఇచ్చినా సరే. ఇవ్వకపోతే ప్రకటన వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, వేస్తే మాత్రం ఈ ఉత్తరం కూడా అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నరసరావుపేట, ప్రస్తుతం ఇర్వింగ్, టెక్సస్