జాబితాలో లేని సర్వర్ ఫెయిల్ కాదు మావా

మధురవాడ, విశాఖపట్నం

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ చూశాను. "నేను నెట్‌వర్క్ టీమ్ అడిగితే తీసుకెళ్లి బ్యాకప్‌లో పడేశారు, రాత్రంతా బ్యాకప్ జాబులు చూస్తూ కూర్చోవాలంట" అని రాశావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వు చేరబోయేది చిన్న పని కాదురా. సర్వర్లు చూసేవాళ్లకి సర్వర్లే తెలుస్తాయి, డేటాబేస్ వాళ్లకి డేటాబేసే తెలుస్తుంది. కంపెనీలో ఏ డేటా ఎక్కడుందో, అది పోతే ఎవరి పని ఆగుతుందో మొత్తం కనిపించే కుర్చీ బ్యాకప్ వాడిదొక్కటే. ఇన్నేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

చేరగానే నీకు అప్పజెప్పేది పొద్దుటి రిపోర్ట్. ఎన్ని జాబులు పచ్చ (సరిగ్గా అయినవి), ఎన్ని ఎరుపు (ఫెయిలైనవి) అని. అందరూ ఎరుపు వాటి మీద పడతారు. నువ్వూ పడాలి, తప్పదు. కానీ నాకు టెన్షన్ పెట్టేది అవి కావు. ఎర్ర జాబుకి కోడ్ ఉంటుంది, లాగ్ ఉంటుంది, వెతికితే కారణం దొరుకుతుంది. భయమల్లా అసలు ఏ పాలసీలోనూ (ఏ సర్వర్ నుంచి ఏమేం, ఎప్పుడు బ్యాకప్ తీయాలో రాసుకునే జాబితా) లేని సర్వర్‌తోనే. హాజరుపట్టీలో పేరే లేని పిల్లాడికి ఆబ్సెంట్ పడదు కదా, దానికీ ఏ రాత్రీ ఫెయిల్ పడదు. రిపోర్ట్‌లో నూటికి నూరు సక్సెస్ అని ఉంటుంది. దాని డిస్క్ పోయిన రోజున మాత్రం నీ చేతిలో ఏమీ ఉండదు.

అలాంటివి ఎక్కణ్ణుంచి వస్తాయంటావా? అప్లికేషన్ వాళ్లు శుక్రవారం సాయంత్రం హడావిడిగా ఒక వీఎం, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే వర్చువల్ సర్వర్, లేపుతారు. "టెస్టింగ్‌కేలే" అంటారు. రెండు నెలలు తిరిగేసరికి అదే ప్రొడక్షన్, అంటే అసలు పని నడిచే సర్వర్, అయి కూర్చుంటుంది. నీకు ఎవరూ చెప్పరు. అందుకని వారానికోసారి వీఎంలని నడిపించే వీసెంటర్ నుంచి వాటి లిస్టు, కంపెనీ కంప్యూటర్ల పేర్లుండే యాక్టివ్ డైరెక్టరీ నుంచి సర్వర్ల లిస్టు లాగు. మీ దగ్గర బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నెట్‌బ్యాకప్ అన్నావు కదా, బీపీపీఎల్‌క్లయింట్స్ అనే కమాండ్ కొడితే పాలసీల్లో ఉన్న క్లయింట్లన్నీ, అంటే బ్యాకప్ అవ్వాల్సిన సర్వర్లన్నీ, వస్తాయి. ఆ లిస్టులనీ దీన్నీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి, ఇటు ఉండి అటు లేనివి ఏరు. ఒక్కోదానికీ ఓనర్ ఎవరో పట్టుకుని, "దీనికి బ్యాకప్ అక్కర్లేదు" అని మెయిల్‌లో రాయించుకో, లేదంటే పాలసీలో పెట్టెయ్. మూడో దారి పెట్టుకోకు. ట్యాగ్ (వీఎంకి తగిలించే గుర్తు) చూసి వీఎంలని వాటంతటవే పట్టుకునే పాలసీలు ఉన్నాయి, బాగుంటాయి కూడా. ట్యాగ్ తగిలించడం ఎవరైనా మర్చిపోతే మళ్లీ మొదటికే వస్తాం, కాబట్టి ఈ పోల్చి చూసుకోవడం ఎప్పటికీ మానకు.

ఇక క్లస్టర్లు, అంటే ఒకటి పడిపోతే ఇంకోటి పని అందుకునేలా జతచేసిన సర్వర్లు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు, ఎందుకంటే ఇక్కడ పేరు జాబితాలో ఉన్నా సరే డేటా రాకపోవచ్చు.

మేం చూసే ఒక కస్టమర్ దగ్గర రెండు నోడ్‌ల (రెండు సర్వర్ల) విండోస్ ఫైల్ సర్వర్ క్లస్టర్ ఉంది. ఆఫీసు మొత్తం వాడే షేర్ ఫోల్డర్లన్నీ ఎఫ్ డ్రైవ్‌లో. ఆ డ్రైవ్ షేర్డ్ స్టోరేజ్‌ది, అంటే ఏ నోడ్ చేతిలో రోల్ (ఆ ఫైల్ సర్వర్ పని) ఉంటే ఆ నోడ్‌కే కనిపిస్తుంది. పాలసీ ఎవరు రాశారో గానీ, అందులో మొదటి నోడ్ పేరు ఒక్కటే పెట్టి, లోకల్ డ్రైవులన్నీ తీసుకోమని ఇచ్చారు. మొదటి నోడ్ దగ్గర రోల్ ఉన్నన్నాళ్లూ అంతా బాగానే ఉంది. ఒక ఆదివారం ప్యాచింగ్‌లో (అప్‌డేట్లు వేసేటప్పుడు) రోల్ రెండో నోడ్‌కి మారింది, అక్కడే ఉండిపోయింది. ఆ రాత్రి ఫుల్ బ్యాకప్ జాబు పచ్చగా, స్టేటస్ సున్నాతో ముగిసింది. పొద్దున్న యాక్టివిటీ మానిటర్‌లో నా కన్ను పడింది స్టేటస్ మీద కాదు, కిలోబైట్ల కాలమ్ మీద. ఎప్పుడూ బారుగా ఉండే అంకె ఒక్కసారిగా పొట్టిదైపోయింది. గంటలు పట్టే జాబు టీ తాగొచ్చేలోపు అయిపోయింది. చూస్తే వచ్చింది సీ డ్రైవ్ ఒక్కటే. ఆ నోడ్ మీద ఎఫ్ అనేదే లేదు, లేని డ్రైవ్‌కి ఎర్రర్ ఎలా వస్తుంది?

చాలామంది దీనికి మందుగా రెండో నోడ్ పేరు కూడా చేర్చేస్తారు. డేటా వస్తుంది, నిజమే. కానీ ఆదివారం ఫుల్ మొదటి నోడ్ పేరు మీద, మంగళవారం రోల్ మారాక ఇంక్రిమెంటల్ (మారినవే తీసే బ్యాకప్) రెండో నోడ్ పేరు మీద పడుతుంది. గురువారం ఎవరో ఫైల్ అడిగితే కేటలాగ్‌లో (ఏ బ్యాకప్ ఎక్కడుందో రాసుండే చిట్టా) రెండు పేర్ల కిందా వెతుక్కోవాలి. సరైన పద్ధతి ఏంటంటే, క్లస్టర్‌లో ఆ రోల్‌కి సొంత పేరు, సొంత ఐపీ ఉంటాయి కదా, ఆ వర్చువల్ పేరునే క్లయింట్‌గా పెట్టి విడిగా ఒక పాలసీ రాయి. అందులో లోకల్ డ్రైవులన్నీ అనకుండా ఎఫ్ డ్రైవ్ అని పాత్ స్పష్టంగా ఇవ్వు. నోడ్‌ల సీ డ్రైవ్, సిస్టమ్ స్టేట్ (విండోస్ సొంత సెట్టింగులు) వేరే పాలసీలో పెట్టు. అప్పుడు రోల్ ఎటు పోయినా బ్యాకప్ దాని వెంటే పోతుంది. డిస్క్ ఆన్‌లైన్‌లో లేకపోతే జాబు ఎర్రగా వస్తుంది. అలా రావడమే మనకి కావాలి.

డేటాబేసుల్లోనూ ఇలాంటివే ఉంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆల్వేస్ ఆన్‌లో (ఒకే డేటాబేస్ కాపీలు పలు సర్వర్ల మీద ఉంచే పద్ధతి) 2022 వెర్షన్ దాకా సెకండరీ (రెండో కాపీ) మీద ఫుల్ తీస్తే అది కాపీ ఓన్లీ (డిఫరెన్షియల్‌కి ఆధారం కాని విడి కాపీ) మాత్రమే, డిఫరెన్షియల్ (గత ఫుల్ తర్వాత మారినవి) అక్కడ కుదరదు. లాగ్ (మార్పుల చిట్టా) బ్యాకప్ ఎక్కడ తీసినా గొలుసు ఒకటే. ఒకే డేటాబేస్‌ని పలు నోడ్‌లు నడిపే ఒరాకిల్ ర్యాక్‌లో ఆర్కైవ్ లాగ్‌లు (దాచిపెట్టిన మార్పుల చిట్టాలు) షేర్డ్ స్టోరేజ్‌లో ఉన్నాయో, ఏ నోడ్‌వి ఆ నోడ్ లోకల్ డిస్క్‌లోనే ఉన్నాయో చేరగానే కనుక్కో. లోకల్ అయితే ఒక నోడ్ మీద నడిచే ఆర్‌మ్యాన్ అనే ఒరాకిల్ బ్యాకప్ టూల్‌కి పక్క నోడ్ లాగ్‌లు కనిపించవు.

నెట్‌బ్యాకప్ స్టేటస్ కోడ్‌లు నెమ్మదిగా అవే వస్తాయి. 58 అంటే క్లయింట్‌కి కనెక్ట్ కాలేకపోయిందని. ముందు పేరు నుంచి ఐపీ, ఐపీ నుంచి పేరు రెండు వైపులా సరిగ్గా వస్తున్నాయో చూడు, తర్వాత ఫైర్‌వాల్‌లో 1556 పోర్ట్ చూడు. 1 అంటే కొన్ని ఫైళ్లు రాలేదని, దాన్ని పాస్ అని వదిలెయ్యకు. అన్నిటికన్నా 196ని పట్టించుకో. విండో (బ్యాకప్‌కి ఇచ్చిన సమయం) మూసుకుపోయి ఆ సర్వర్‌ని అసలు ముట్టుకోనే లేదని దానర్థం. "రేపు రాత్రి పోతుందిలే" అని దాటేస్తారు. వరసగా రాత్రిళ్లు అదే సర్వర్‌కి 196 వస్తుంటే, అది జాబితాలో ఉన్నా లేనట్టే.

ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ వాళ్ల సంగతి చదివావా? 2017 జనవరి 31న ఒక ఇంజనీర్ సెకండరీ అనుకుని ప్రైమరీ డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశాడు. రోజువారీ డంప్ (డేటాబేస్ మొత్తం ఫైల్‌గా తీసిన కాపీ) ఉంది కదా అని చూస్తే అది ఎప్పటి నుంచో రావట్లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే టూల్ 9.2ది, వెర్షన్లు కలవలేదు. ఫెయిలైందని మెయిళ్లు వెళ్లాయి గానీ, డీమార్క్ (మెయిల్ అసలైనదో కాదో చూసే పద్ధతి) సరిగా లేక అవతల తిరగ్గొట్టేశారు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా ఉన్నదున్నట్టు కాపీ) ఉంది కాబట్టి బయటపడ్డారు. తప్పు కమాండ్ ఎవరి చేతనైనా పడొచ్చు. నన్ను కుదిపేసింది ఆ రాని మెయిల్. అందుకే మా దగ్గర ఫెయిల్ అయినప్పుడే కాదు, అంతా బాగున్నా రోజూ ఒక మెయిల్ రావాల్సిందే అని పెట్టించాను. రాకపోతే ఎందుకు రాలేదో లేచి చూస్తాం.

రెండో కాపీ ఎక్కడుంచాలో మన ఊరి వాళ్లకి వేరే చెప్పాలా? 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఎయిర్‌పోర్ట్ పైకప్పు లేచిపోయింది, కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. ఋషికొండలో ఒక కాపీ, గాజువాకలో ఒక కాపీ పెట్టి ఆఫ్‌సైట్ అనుకుంటే ఆ గాలి రెండింటినీ ఒకేసారి తాకుతుంది. హైదరాబాద్ రోడ్డు దారిన 600 కిలోమీటర్ల పైన ఉంది, అక్కడ పెట్టు. లింక్ మీద పంపుదామంటే లెక్క వేసుకో, 10 టీబీ 100 ఎంబీపీఎస్ లైన్‌లో పోవాలంటే తొమ్మిది రోజుల పైనే పడుతుంది. ఎల్‌టీవో-9 టేపు ఒక్కటి కంప్రెషన్ లేకుండానే 18 టీబీ పడుతుంది. టేపు పాతకాలం అనే కుర్రాళ్ల మాట వినకు, లైబ్రరీ నుంచి బయటికి తీసిన టేపుని ఏ రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బడిగే వైరస్) అందుకోలేదు. మన ఉప్పుగాలికి మాత్రం ఏసీ గదిలోనే ఉంచాలి, బయట నుంచి తెచ్చాక ఒక రోజు ఆ గదిలో ఆగనిచ్చి ఎక్కించాలి.

ఇంకొక్కటి. బ్యాకప్‌లన్నిటినీ నడిపే మాస్టర్ సర్వరే పోతే ఏంటని మొదటి రోజే అడుగు. కేటలాగ్ బ్యాకప్ ఎక్కడికి పోతుంది, డిజాస్టర్ రికవరీ ప్యాకేజీ ఎవరి మెయిల్‌కి వస్తుంది, దాని పాస్‌ఫ్రేజ్ ఎవరి దగ్గరుంది? ఆ పాస్‌ఫ్రేజ్ మాస్టర్ సర్వర్‌లోనే నోట్‌ప్యాడ్‌లో ఉందని ఎవరైనా చెబితే, ఆ పూటే సీల్డ్ కవర్లో వేరే చోటికి మార్పించు. నెలకో సర్వర్‌ని తీసుకుని వేరే మిషన్ మీదకి రీస్టోర్ కూడా చెయ్యి. ఫైళ్లు వచ్చాయని నువ్వు చూసి ఊరుకోకు, వాటిని రోజూ వాడేవాళ్లనే పిలిచి తెరిపించు. ఏది రాలేదో వాళ్లే ఇట్టే పట్టేస్తారు.

మీ దగ్గర క్లస్టర్లు ఏ రకమో, డేటాబేసులు ఏవో నాకు రాయి. సర్వర్ల పేర్లు, ఐపీలు పంపకు, అవి కంపెనీవి. రకం తెలిస్తే ఏ పాలసీ ఎలా రాయాలో నేను నోట్స్ పంపుతాను. జాయినింగ్ ముందు వీలైతే ఒక శనివారం రా, టెస్ట్ మిషన్ల మీద ఒక రీస్టోర్ నీ చేతే చేయిస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మావ