యాప్ కంటే ముందు చట్టం రావాలి

సంపాదకులకు,

మరో మహమ్మారి వస్తే మరో కాంటాక్ట్ ట్రేసింగ్ యాప్, అంటే జబ్బు సోకినవాళ్ల దగ్గరగా మెలిగినవాళ్లను ఫోన్ ద్వారా గుర్తించి హెచ్చరించే యాప్, తప్పకుండా వస్తుంది. జనం దాన్ని వాడాలంటే ఏం చేయాలో జబ్బు లేని ఈ రోజుల్లోనే తేల్చుకోవాలి.

ఇద్దరి ఫోన్లలోనూ యాప్ పనిచేస్తుంటేనే వాళ్లు కలిసినట్టు నమోదవుతుంది. నగరంలో 60 శాతం మంది పెట్టుకున్నా, కలిసిన ఏ ఇద్దరి దగ్గరైనా యాప్ ఉండే అవకాశం సుమారు 36 శాతమే. 30 శాతం మందే పెట్టుకుంటే అది 9కి పడిపోతుంది. యాప్ పెట్టుకున్నా బ్లూటూత్ ఆపేసినవాళ్లు, బ్యాటరీ సేవర్ వల్ల తెలియకుండానే యాప్ ఆగిపోయినవాళ్లు ఉంటారు కాబట్టి అసలు శాతం ఇంకా తక్కువే. అందుకే జనం నమ్మకం లేకపోతే ఈ యాప్ ఎందుకూ కొరగాదు.

2020 ఏప్రిల్ 2న వచ్చిన కేంద్ర ప్రభుత్వ కరోనా యాప్ ఆరోగ్య సేతు, బ్లూటూత్‌తో పాటు మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ కూడా అడిగింది. కేంద్ర హోంశాఖ మే 1న ఉద్యోగులందరికీ దాన్ని తప్పనిసరి చేసి, 17న మెత్తబడింది. ఏయే శాఖలు సమాచారాన్ని పంచుకోవచ్చో చెప్పే నియమావళి మే 11న, యాప్ ఎలా పనిచేస్తుందో నిపుణులు పరిశీలించడానికి వీలిచ్చే ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ 26న వచ్చాయి. ముందు రావలసినవి చివర వచ్చాయి. సింగపూర్‌లో నష్టం ఇంకోలా జరిగింది. అక్కడి ప్రభుత్వ యాప్ ట్రేస్‌టుగెదర్ సమాచారం కరోనా పనికే అని చెప్పారు. నేర విచారణకు పోలీసులూ తీసుకోవచ్చని 2021 జనవరిలో పార్లమెంటులో బయటపడింది. ఆ తర్వాత హడావుడిగా చట్టం తెచ్చి ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేశారు.

బ్లూటూత్ దూరాన్ని కొలవదు, సిగ్నల్ బలాన్ని బట్టి ఊహిస్తుంది. అమీర్‌పేట హాస్టళ్లలో ప్లైవుడ్ గోడకు అటూ ఇటూ పడుకున్నవాళ్లను పక్కపక్కన ఉన్నట్టే చూపవచ్చు. కిక్కిరిసిన సిటీ బస్సులోనేమో మనుషుల శరీరాలు సిగ్నల్‌ను పీల్చేయడంతో ఆనుకుని నిలబడ్డవాళ్లూ దూరంగా కనిపించవచ్చు. తప్పుడు హెచ్చరికతో 14 రోజులు ఇంట్లోనే ఉండి కూలి పోగొట్టుకున్న మనిషి రెండోసారి యాప్ తెరుస్తాడా? హెచ్చరిక వెళ్లిన రోజే బస్తీ దవాఖానా నుంచి తెలుగులోనో ఉర్దూలోనో ఫోన్ చేయాలి, ఉచితంగా పరీక్ష చేయాలి, ఇంట్లో ఉండాల్సి వస్తే కూలి పరిహారం ఇవ్వాలి.

జీపీఎస్ అక్కర్లేదు. ఆపిల్, గూగుల్ 2020లో తెచ్చిన పద్ధతిలో ఫోన్ పంపే గుర్తింపు సంఖ్య 10–20 నిమిషాలకోసారి మారుతుంది. ఎవరెవరు కలిశారన్న చిట్టా ఫోన్‌లోనే ఉంటుంది. పాజిటివ్ వచ్చినవాళ్లు ఒప్పుకుంటేనే వాళ్ల ఫోన్ గుర్తింపు సంకేతాలు బయటికి వెళ్తాయి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉందిగా అనుకోవద్దు. మహమ్మారి వేళ వైద్యసేవల కోసం సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు దాని 7వ సెక్షన్‌లోనే ఉంది. ఈ యాప్‌లకు విడిగా చట్టం కావాలి. పోలీసులకు ఇవ్వకూడదని, ఫలానా తేదీకి చెరిపేయాలని అందులో రాసి ఉండాలి. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం. కాబట్టి ఆఫీసు గేటు దగ్గర, అపార్ట్‌మెంటులో, మెట్రో స్టేషన్‌లో యాప్ చూపించమని ఒత్తిడి చేయడాన్ని నిషేధించే బిల్లుతో తెలంగాణ శాసనసభే మొదలుపెట్టాలి.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్