పండు చదువు గురించి, కార్డిఫ్ నుంచి

కార్డిఫ్,
22 జూన్ 2025

చిరంజీవి సురేష్‌కి,

అక్క ఆశీస్సులు. సునీతకి, పిల్లలకి కూడా. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఆయింట్‌మెంట్ అయిపోతే చెప్పు, ఇక్కడి నుంచి ఎవరైనా గుంటూరు వైపు వస్తుంటే పంపిస్తాను.

మొన్న ఫోన్లో నువ్వు అరిచావు, నేనూ అరిచాను, చివరికి అమ్మ ఫోన్ లాక్కుని పెట్టేసింది. అందుకే ఇవాళ ఆదివారం పూట తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. రాస్తే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు కదా.

మీ వాడు పండు టెన్త్ పాసయ్యాడు, ఇప్పుడు ఇంటర్ వద్దు, మొబైల్ షాపులో చేరతానంటున్నాడు, నెలకు ఎనిమిది వేలు ఇస్తారట. నీ మాట ఏమిటంటే, గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో పుస్తకాలు ఇస్తున్నారు, ఈ జనవరి నుంచి మధ్యాహ్నం అన్నం కూడా పెడుతున్నారు, ఇంకా వాడికి ఏం నొప్పి అని. వాడికి చదువంటే బద్ధకం అని తేల్చేశావు. నాకు అలా అనిపించడం లేదురా. వాడు లెక్క వేసుకున్నాడు. కాలేజీకి వెళ్తే ఖర్చేమీ లేదనేది నీ లెక్క. కాలేజీకి వెళ్తే నెలకు ఎనిమిది వేలు పోతాయనేది వాడి లెక్క. ఇంట్లో నువ్వు కొట్టు అప్పు గురించి మాట్లాడుకుంటుంటే వింటూనే ఉన్నాడు కదా, వాడేం చిన్నపిల్లాడా.

ఈ వయసు పిల్లలతోనే నా ఉద్యోగం. కాలేజీలో నేను కూర్చునే డెస్క్ దగ్గరికి ఫీజుల గురించి ఎవరూ రారు, పద్దెనిమిది లోపు వాళ్లకి ఇక్కడ ఫీజు లేదు. బస్సు, లంచ్, ప్లంబింగ్ కోర్సుకి బూట్లు, హెయిర్ డ్రెస్సింగ్ కోర్సుకి కత్తెర్ల కిట్టు, ఇవీ వాళ్ల గొడవలు. వీటన్నిటికంటే పెద్దది, తోటివాడు పదహారుకే సూపర్ మార్కెట్లో చేరి సంపాదిస్తుంటే తను అమ్మని ఐదు పౌండ్లు అడగాల్సి రావడం.

దీనికోసమే ఇక్కడ ఈఎంఏ అని ఒకటి ఉంది, ఎడ్యుకేషన్ మెయింటెనెన్స్ అలవెన్స్. మేముండే వేల్స్‌లో వారానికి 40 పౌండ్లు. మన డబ్బుల్లో నాలుగున్నర వేల పైమాటే. ఆ అంకె చూసి నోరు తెరవకు. పద్దెనిమిది లోపు పిల్లలకి ఇక్కడ కనీస వేతనం 2025 ఏప్రిల్లో గంటకు 7.55 పౌండ్లు చేశారు. అంటే ఐదారు గంటల కూలి. శనివారం ఒక్కపూట పనికి వెళ్తే వచ్చే డబ్బు. జీతంతో పోటీ పడే డబ్బు కాదు, కానీ బస్సుకీ తిండికీ సరిపోతుంది, ఇంట్లో చెయ్యి చాచక్కర్లేదు.

అది ఎలా నడుస్తుందో చెప్తాను, నువ్వు లెక్కల మనిషివి, నచ్చుతుంది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు స్టూడెంట్ ఫైనాన్స్ వేల్స్ అనే ప్రభుత్వ సంస్థకి అప్లికేషన్ పెట్టుకోవాలి. ఇంటి ఆదాయం చూస్తారు. వారానికి కనీసం 12 గంటల క్లాసులున్న కోర్సు అయి ఉండాలి. పిల్లాడు కాలేజీతో ఒక ఒప్పందం మీద సంతకం పెడతాడు, వస్తాను, చదువుతాను అని. తర్వాత ప్రతివారం హాజరు మేము చూసి సరే అంటే, రెండు వారాలకోసారి 80 పౌండ్లు పడతాయి. తిరిగి కట్టేది లేదు. వాడు పార్ట్‌టైమ్ చేసుకుని సంపాదించినా ఇందులో కోత పెట్టరు. మార్కులు అడగరు, హాజరు ఒక్కటే. మా వాడికి మాత్రం రాదు, నా జీతం, మీ బావ జీతం కలిపితే పరిమితి దాటిపోయాం.

అన్నిటికంటే నాకు నచ్చింది ఏమిటంటే, ఆ డబ్బు పడేది పిల్లాడి ఖాతాలో. అమ్మ ఖాతాలో కాదు, నాన్న ఖాతాలో కాదు. 1999లో ఇంగ్లండ్‌లో కొన్ని ప్రాంతాల్లో మొదట ప్రయోగంగా పెట్టినప్పుడు కొన్నిచోట్ల తల్లిదండ్రులకి ఇచ్చి చూశారు, కొన్నిచోట్ల పిల్లలకే ఇచ్చి చూశారు. 2004లో దేశమంతా పెట్టినప్పుడు పిల్లల చేతికే ఇవ్వాలని ఖాయం చేశారు. తల్లికి వేరే చైల్డ్ బెనిఫిట్ ఉంది, పిల్లలు యూనివర్సిటీకి ముందు చదువుల్లో ఉన్నంతకాలం ఇరవై ఏళ్లు వచ్చేదాకా అది ఆగదు. అది ఇంటికి, ఇది వాడికి.

అప్పట్లో వారానికి పది, ఇరవై, ముప్ఫై అని మూడు రకాలుగా ఇచ్చేవాళ్లు, ఇంటి ఆదాయాన్ని బట్టి. ఇనిస్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఆ ప్రయోగం ఫలితాలు లెక్కగట్టారు. అర్హత ఉన్న పదహారేళ్ల పిల్లల్లో చదువులో ఉండిపోయేవాళ్లు 65 శాతం నుంచి 69కి పెరిగారు, పదిహేడేళ్ల వాళ్లలో 54 నుంచి 61కి. రెండో ఏడాదే ఎక్కువ తేడా చూశావా? చేరడం కాదు, నిలబడటమే కష్టం. ఇంటర్ ఫస్టియర్‌లో చేరి సెకండియర్‌కి కనిపించకుండా పోయినవాళ్లు మన వీధిలోనే ఎంతమంది ఉన్నారో అమ్మని అడుగు.

అయినా ఇంగ్లండ్‌లో తీసేశారు. 2010లో ప్రభుత్వం మారింది, పొదుపు అన్నారు. ఏడాదికి 56 కోట్ల పౌండ్లు అవుతోందన్నారు. ఒక సర్వేలో ఈ డబ్బు లేకపోతే చదివేవాళ్లం కాదని చెప్పినవాళ్లు 12 శాతమే కాబట్టి మిగతాదంతా దండగ అని వాదించారు. నాకు ఆ వాదన వింటే ఒళ్లు మండుతుంది. ఆ మిగతావాళ్లు చదువు మానకపోయి ఉండొచ్చు, కానీ మధ్యాహ్నం తిండి మాని ఉండొచ్చు, రాత్రి షిఫ్టు చేసి పొద్దున క్లాసులో నిద్రపోయి ఉండొచ్చు. అది ఏ సర్వేలోనూ రాదు. 2011లో దాని బదులు 18 కోట్ల పౌండ్లతో బర్సరీ ఫండ్ అని పెట్టారు. ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లలకీ ఇంకా కొందరికీ ఏడాదికి 1,200 దాకా, మిగతావాళ్లకి ఎవరికి ఎంత ఇవ్వాలో కాలేజీ ఇష్టం. తమాషా ఏమిటంటే, అదే ఇంగ్లండ్‌లో 2015 నుంచి పద్దెనిమిది నిండేదాకా చదువులోనో శిక్షణలోనో ఉండి తీరాలని చట్టం. ఉండమన్నది వాళ్లే, డబ్బు తీసేసింది వాళ్లే. వేల్స్‌లో పదహారు దాటితే చట్టం బలవంతపెట్టదు, కానీ డబ్బు ఇస్తుంది. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ కూడా ఉంచుకున్నాయి. సెవర్న్ వంతెన దాటితే ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్, అక్కడి పిల్లాడికి ఒకటి, ఇక్కడి పిల్లాడికి ఒకటి.

ఇక్కడ అంతా బాగుందనీ అనుకోకు. 2004 నుంచి 2023 దాకా ఆ ముప్ఫై ముప్ఫైలాగే ఉంది, ధరలు ఎక్కడికి పోయినా. 2023 ఏప్రిల్లో నలభై చేశారు గానీ ఒక్క బిడ్డే ఉన్న ఇంటికి ఆదాయ పరిమితిని అప్పుడు 20,817 పౌండ్ల దగ్గరే వదిలేశారు. కనీస జీతం పెరిగిందని తల్లి సంతోషిస్తే, పిల్లాడికి ఈఎంఏ పోయిన ఇళ్లున్నాయి. ఇంకొకటి, చెప్పకుండా ఒక్క క్లాసు ఎగ్గొడితే ఆ వారం నలభై మొత్తం పోతుంది. ఎలక్ట్రికల్ కోర్సు చేసే ఒక అబ్బాయి, తండ్రి లేడు, తల్లి తెల్లవారుజామున ఆఫీసులు తుడిచే పనికి వెళ్తుంది. చెల్లెల్ని స్కూల్లో దింపి వచ్చేసరికి వీడికి మొదటి క్లాసు అయిపోతుంది. డబ్బు ఆగింది. బుద్ధిగా ఉండే పిల్లాడు, నా ముందు నిలబడి ఒక్కమాట అనలేదు, కార్డు జేబులో పెట్టుకుని వెళ్లబోయాడు. కూర్చోబెట్టి, అతని ట్యూటర్‌తో మాట్లాడి, కారణం రాతపూర్వకంగా పెట్టించేసరికి నాలుగు గడపలు ఎక్కాల్సి వచ్చింది. రూల్ మంచిదే, కానీ రూల్‌కి ఇంటి సంగతి తెలియదు.

ఇప్పుడు మన సంగతి. ఆంధ్రాలో చదువుకునే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు మీ అమ్మాయి బుజ్జికి పడ్డాయని సునీత మెసేజ్ పెట్టింది. పదిహేను వేలలో రెండు వేలు స్కూళ్ల నిర్వహణకి పోగా పదమూడు వేలు. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరినవాళ్లకీ వేస్తామంటున్నారు, అంటే పండు చేరితే వాడి పేరున కూడా వస్తాయి. మంచిదే, తల్లి చేతికి ఇవ్వడంలో అర్థముంది, నీ చేతికి వస్తే ఏమయ్యేవో నాకు తెలుసు (కోప్పడకు). కానీ సునీత చేతికి వచ్చినవి వడ్డీకీ బియ్యానికీ పోతాయి, పోవాలి కూడా. పండుకి అందులో తనకంటూ వచ్చింది ఏదీ కనిపించదు. తన హాజరు వల్ల, 75 శాతం ఉంటేనే, ఆ డబ్బు వచ్చిందని కూడా వాడికి తెలియదు.

అందుకని నేను అనుకున్నది ఇది. వాడికి బ్యాంకులో సొంత ఖాతా తెరిపించు. పదేళ్లు దాటిన పిల్లలు బ్యాంకు పెట్టిన పరిమితిలో సొంతంగా ఖాతా నడుపుకోవచ్చు. విదేశాల్లో ఉండేవాళ్లకిచ్చే నా ఎన్ఆర్ఈ ఖాతాలోంచి నెలకు రెండు వేలు దానిలో వేస్తాను, ఇంటర్ రెండేళ్లూ. ఎనిమిది వేలకి రెండు వేలు సమానం కాదని నాకూ తెలుసు. వాడు నన్ను మార్కులు చూపించి సంతోషపెట్టక్కర్లేదు. నెలాఖరున కాలేజీ హాజరు ఫొటో తీసి పంపితే చాలు. ఒంట్లో బాగోకపోతే, ఇంట్లో పనుంటే ఆ మాట ముందే చెప్పమను, కోసెయ్యను. ఆ రెండు వేలు ఏం చేశావని నువ్వు అడగకూడదు. సినిమాకి పోయినా సరే. సెలవుల్లో, ఆదివారాల్లో అదే మొబైల్ షాపులో పని నేర్చుకుంటానంటే వద్దనకు, అదీ చదువే.

బుజ్జి విషయం మర్చిపోకు. ఇప్పుడే ఎనిమిదిలోకి వచ్చింది, జడ్పీ స్కూలు కాబట్టి ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు, ఈ ఏడాదే రాయాలి, తర్వాత రాయడానికి లేదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు, ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉంటే అర్హత. ఆంధ్రాకి 4,087 మందిని తీసుకుంటారు. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000, నేరుగా దాని ఖాతాలోకే. టెన్త్‌లో 60 శాతం తెచ్చుకుంటేనే ఇంటర్‌లో కొనసాగుతుంది. హెడ్‌మాస్టర్ గారిని ఈ వారమే కలువు, నోటిఫికేషన్ రాగానే చెప్పమను. ఆధార్‌లో, స్కూల్లో, బ్యాంకులో దాని పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఇప్పుడే చూసుకో. చివరి రోజు మీసేవ ముందు నిలబడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

పండుకి ఈ ఉత్తరం చూపించినా పర్లేదు, నీ గురించి రాసిన ముక్కతో సహా. వచ్చే ఆదివారం సాయంత్రం మీకు ఏడింటికి ఫోన్ చేస్తాను. నువ్వు ఎత్తకు, వాణ్ణి ఎత్తమను. మొబైల్ షాపు వాళ్లకి ఈలోపు మాట ఇవ్వొద్దని చెప్పు.

అక్క